పాత రికార్డులో గుంయ్‌మనే రొద: వాల్వు ప్రీఆంప్లిఫయరులో దాని కారణాలు, నివారణ

సరిహద్దు గ్రామాలలోని తెలుగువారి ఇండ్లలో అటకమీదనో, భోషాణంలోనో గ్రామఫోను రికార్డుల కట్ట ఒకటి కనిపించడం వింత కాదు. హరికథలు, పౌరాణిక నాటక పద్యాలు, పాత సినిమా పాటలు, ఘంటసాల గానం చేసిన భగవద్గీత శ్లోకాలు ఆ నల్లని పళ్లాలలో నిలిచి ఉన్నాయి. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకొనే పిల్లలకు తాతల కాలపు తెలుగు పలుకుబడిని వినిపించగల సాధనాలు కొన్నే మిగిలాయి. వాటిలో ఈ రికార్డులు ఒకటి.

వీటిని తిరిగి వినాలనే కోరికతో, రేడియో మరమ్మతు పని తెలిసిన ఔత్సాహికులు కొందరు వాల్వులతో పనిచేసే ప్రీఆంప్లిఫయరును ఇంటిలోనే తయారు చేసుకొంటారు. బెంగళూరు ఎస్పీ రోడ్డులోను, చెన్నై రిచీ వీధిలోను కావలసిన సామగ్రి చాలావరకు దొరుకుతుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు తయారు చేసిన వాల్వులు పాత మెకానిక్కుల పెట్టెలలో అక్కడక్కడ నేటికీ ఉన్నాయి. అయితే ఎన్నో రోజులు శ్రమించి, తీరా స్విచ్చి వేసిన నాడు పాటకంటె ముందుగా గుంయ్‌మనే రొద వినిపించి నిరాశ కలిగించడం పరిపాటి. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి "మూడవ పిన్ను తీసివేయండి, రొద పోతుంది" అని సలహా చెబుతారు. రొద పోవచ్చును. దానితోపాటు మనిషి ప్రాణమూ పోవచ్చును.

ఆ సలహా అవసరమే లేదు. ఈ రొద ఒకే జబ్బు కాదు. నాలుగైదు వేర్వేరు కారణాలు ఇంచుమించు ఒకే గొంతుతో పలుకుతాయి. ఏది పలుకుతున్నదో ముందుగా గుర్తించి, ఆ పిమ్మట మందు వేసినట్లయితే ఎర్తు తీగను తాకకుండానే రొదను అదుపు చేయవచ్చును.

ఈ యంత్రంలోనే రొద ఎందుకు ఎక్కువ?

రికార్డు గాడిలో ముల్లు కదలినప్పుడు అయస్కాంత పికప్పు ఇచ్చే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. అనగా వోల్టులో రెండువందలవ వంతు. దానిని సాధారణ ఆంప్లిఫయరుకు సరిపడేలా దాదాపు 100 రెట్లు పెంచవలసి ఉంటుంది. (చిన్న పెట్టె రికార్డు ప్లేయర్లలో ఉండే క్రిస్టల్, సెరామిక్ పికప్పులు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజిని ఇస్తాయి గనుక వాటికి ఈ తరహా ప్రీఆంప్లిఫయరుతో పని లేదు.)

ఇంతటితో అయిపోలేదు. రికార్డును కోసేటప్పుడు మంద్రస్వరాలను ఉన్నవున్నట్లు కోసినట్లయితే గాడి మరీ అటూ ఇటూ ఊగి, పక్క గాడిని తాకుతుంది. అందుచేత మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు ప్రీఆంప్లిఫయరు ఇందుకు సరిగా వ్యతిరేకమైన పని చేయవలెను. ఇందుకు 1954లో అమెరికాలో స్థిరపడిన ఆర్‌ఐఏఏ అనే కొలత తరువాతి కాలపు ఎల్పీ రికార్డులకు ప్రమాణమైనది. దాని ప్రకారం సెకనుకు 1000 ఆవృత్తుల స్వరాన్ని 100 రెట్లు పెంచే యంత్రం, 100 ఆవృత్తుల స్వరాన్ని సుమారు 450 రెట్లు, 50 ఆవృత్తుల స్వరాన్ని సుమారు 700 రెట్లు పెంచుతుంది.

మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. దానిని డయోడ్లతో ఏకదిశ కరెంటుగా మార్చినప్పుడు మిగిలే అల సెకనుకు 100 ఆవృత్తులు. అనగా ఏ స్వరాలను మనం వద్దనుకొంటున్నామో, ఆ స్వరాలకే ఈ యంత్రం పెద్దపీట వేస్తుంది. ప్రవేశద్వారం వద్ద కేవలం 10 మైక్రోవోల్టుల 50 ఆవృత్తుల రొద చొరబడినా, బయటికి వచ్చేసరికి అది 7 మిల్లీవోల్టులవుతుంది. పాట బిగ్గరగా సాగుతున్నప్పుడు దానిని చెవి పట్టించుకోదు. గాయకుడు ఊపిరి తీసుకొనే విరామంలో మాత్రం అది స్పష్టంగా పైకి వస్తుంది.

ముందుగా ప్రాణరక్షణ

వాల్వుల పైపలకకు ఇచ్చే వోల్టేజి 250 నుండి 300 వోల్టుల వరకు ఉంటుంది. ట్రాన్సిస్టర్ రేడియో విప్పిన ధైర్యంతో దీనిని విప్పరాదు. స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబెరికిన తరువాత కూడా కండెన్సర్లలో ఆ వోల్టేజి నిలిచి ఉంటుంది. మొదటి కండెన్సరుకు అడ్డంగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా అతికినట్లయితే రెండు మూడు నిమిషాలలో అది ఖాళీ అవుతుంది. అయినప్పటికీ మీటరుతో కొలచి, 10 వోల్టులకు లోపు ఉన్నదని తెలిసిన తరువాతనే చేయి పెట్టవలెను. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే, మీటరు నల్లతీగను క్లిప్పుతో ముందే బిగించి, ఒక్క చేతితోనే కొలవడం మంచిది. పాదాలకు పొడి చెప్పులు ఉండవలెను. పిల్లలను దగ్గర ఉంచుకొని చేయదగిన పని కాదు. ఇదివరలో ఈ పని చేయనివారు అనుభవం గల రేడియో మెకానిక్కును తోడు తెచ్చుకొనడమే శ్రేయస్కరం.

చెవితో చేసే నాలుగు పరీక్షలు

కారణాన్ని వెదకడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. క్రమంగా చేసే నాలుగు పరీక్షలు చాలు.

మొదటిది: ముల్లును రికార్డు మీదనుండి పైకి ఎత్తవలెను. రొద ఆగిపోయినట్లయితే అది విద్యుత్తు దోషం కాదు. మోటారు, బేరింగుల కదలిక ముల్లుకు చేరుతున్నదని అర్థం. అందుకు మోటారు కింది రబ్బర్లను, నూనెను చూసుకొనవలెను. ముల్లు ఎత్తినా రొద నిలిచి ఉంటేనే తరువాతి పరీక్షలకు వెళ్లవలెను.

రెండవది: ప్రధాన ఆంప్లిఫయరు వాల్యూమును పూర్తిగా తగ్గించవలెను. అప్పటికీ రొద వస్తున్నట్లయితే దోషం ప్రీఆంప్లిఫయరులో లేదు, ఆ తరువాతి యంత్రంలో ఉన్నది.

మూడవది: కరెంటు ఆపి, రికార్డు ప్లేయరు తీగలను తీసివేసి, వాటి స్థానంలో నడిమి సూదిని, బయటి అంచును టంకంతో కలిపిన ఖాళీ ప్లగ్గులను పెట్టవలెను. తిరిగి స్విచ్చి వేసినప్పుడు రొద మాయమైతే దోషం రికార్డు ప్లేయరులోనో, దాని తీగలలోనో ఉన్నది. మాయం కాకపోతే దోషం పెట్టె లోపలనే ఉన్నది.

నాలుగవది: కరెంటు ఆపి, కండెన్సర్లు ఖాళీ అయిన పిమ్మట మొదటి వాల్వును తీసి, మళ్లీ స్విచ్చి వేయవలెను. రొద పోతే మొదటి వాల్వు, దాని పరిసరాలు కారణం. పోకపోతే రెండవ దశనో, విద్యుత్ సరఫరానో అనుమానించవలెను. వాల్వుల హీటర్లు ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉన్న సర్క్యూట్లలో ఒక వాల్వు తీస్తే రెండవది కూడా ఆరిపోతుంది గనుక అక్కడ ఈ పరీక్ష పనికిరాదు.

వీటికి తోడు రొద స్వభావాన్ని కూడా గమనించవలెను. తంబుర మంద్రతంత్రి వలె మెత్తగా, నిండుగా ఉంటే అది సాధారణంగా 50 ఆవృత్తులది. హీటరునుండో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రంనుండో వస్తుంది. తుమ్మెద ఝుంకారంలా గరుకుగా ఉంటే 100 ఆవృత్తులు, వాటి పై స్వరాలు కలిసినది. కండెన్సర్లు చాలకపోవడం, ఎర్తు తీగల తప్పు అమరిక దానికి ముఖ్య కారణాలు. గదిలోని ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును ఆపి చూడడం కూడా అవసరం. కరెంటు కోత వేళ నాసిరకం ఇన్వర్టరు మీద విన్నప్పుడు మాత్రమే ఝుంకారం వస్తున్నట్లయితే, దోషం ఇన్వర్టరు ఇచ్చే చతురస్రపు అలలో ఉన్నదిగాని ప్రీఆంప్లిఫయరులో లేదు.

హీటరు తీగలు

ఈ పనికి ఎక్కువగా వాడే వాల్వు ఈసీసీ 83. దీనినే 12ఏఎక్స్7 అని కూడా అంటారు. దాని లోపలి హీటరుకు 6.3 వోల్టుల వద్ద 300 మిల్లీఆంపియర్లు కావలెను. ట్రాన్స్‌ఫార్మరునుండి నేరుగా ఏసీ కరెంటు ఇస్తే, ఆ తీగలు పక్కనే ఉన్న గ్రిడ్డు తీగకు తమ 50 ఆవృత్తులను అంటగడతాయి.

దోషం ఇక్కడ ఉన్నదో లేదో తేల్చుకొనడానికి సులభమైన ఉపాయం ఉన్నది. ఎమర్జెన్సీ దీపంలో వాడే 6 వోల్టుల బ్యాటరీతో హీటర్లను వెలిగించి, పాతవైన హీటరు తీగలను ట్రాన్స్‌ఫార్మరునుండి తాత్కాలికంగా విడదీయవలెను. బ్యాటరీ ఒక కొనను సర్క్యూట్ ఎర్తుకు కలపవలెను. రొద పోయినట్లయితే నేరస్థుడు దొరికినట్లే.

నివారణ మూడు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో హీటరు తీగలు రెండింటిని తాడు పేనినట్లు బిగువుగా మెలివేసి, చాసిస్ మూలను అంటిపెట్టుకొని పోయేలా అమర్చవలెను. గ్రిడ్డు తీగలకు అవి దూరంగా ఉండవలెను. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటవలెను. రెండవ మెట్టులో ఒక్కొక్క హీటరు తీగనుండి ఎర్తుకు 100 ఓముల రెసిస్టరు చొప్పున రెండు కలపవలెను. అప్పుడు రెండు తీగలమీది వోల్టేజి సమానంగా, వ్యతిరేకంగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకు నడిమి తీగ ఉండి, అది ఇదివరకే ఎర్తు అయి ఉంటే ఈ రెసిస్టర్లు అవసరం లేదు. ఇవి రెండూ చాలనప్పుడు మూడవ మెట్టుగా హీటర్లకు డీసీ కరెంటు ఇవ్వవలెను. రెండు వాల్వులకైతే 9 వోల్టుల, 1.5 ఆంపియర్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి డయోడ్లు, 4700 మైక్రోఫారడ్ల కండెన్సరు, 6 వోల్టుల రెగ్యులేటరు సరిపోతాయి. రెగ్యులేటరు వేడెక్కుతుంది గనుక దానిని అల్యూమినియం రేకుకు బిగించవలెను.

పైవోల్టేజి సరఫరా

డయోడ్ల తరువాతి మొదటి కండెన్సరు 47 మైక్రోఫారడ్లు అయి, యంత్రం 4 మిల్లీఆంపియర్లు తీసుకొంటున్నట్లయితే, ఆ కండెన్సరు మీద ఇంచుమించు 0.85 వోల్టుల అల మిగులుతుంది. ఇది మొదటి వాల్వుకు చేరితే సహించరానిది. కాని 10 కిలో ఓముల రెసిస్టరు, 47 మైక్రోఫారడ్ల కండెన్సరు కలిపిన ఒక వడపోత 100 ఆవృత్తుల అలను దాదాపు 300 రెట్లు తగ్గిస్తుంది. అటువంటివి రెండు వరుసగా పెట్టినట్లయితే 0.85 వోల్టుల అల సుమారు 10 మైక్రోవోల్టులకు పడిపోతుంది. బియ్యాన్ని ఒకే జల్లెడలో పదిసార్లు కదపడంకంటె రెండు జల్లెడలలో వరుసగా పోయడం మేలు. అదేవిధంగా ఒకే పెద్ద కండెన్సరుకంటె రెండు వడపోతలు ఎక్కువ ఫలితమిస్తాయి. రెసిస్టరులో కొంత వోల్టేజి తగ్గుతుంది. 3 మిల్లీఆంపియర్లకు 30 వోల్టులు తగ్గునని లెక్క వేసుకొని ట్రాన్స్‌ఫార్మరును ఎన్నుకొనవలెను.

పాత రేడియోనుండి తీసిన కండెన్సర్లను ఇక్కడ వాడడం పొదుపు అనిపించవచ్చును. కాలక్రమంలో వాటిలోని ద్రవం ఎండిపోయి ఉంటుంది. అందుచేత 450 వోల్టుల కొత్త కండెన్సర్లే వాడవలెను.

ఎర్తు తీగల అమరిక

పెట్టె లోపలి రొదలలో అనేకం ఇక్కడినుండే పుడతాయి. తీగ ఎంత లావైనదైనా దానికి కొద్దిపాటి నిరోధం ఉంటుంది. ఓములో నూరవ వంతు నిరోధం గల తీగలో కండెన్సరును నింపే 40 మిల్లీఆంపియర్ల పోటు ప్రవహించినట్లయితే 400 మైక్రోవోల్టులు పుడతాయి. పికప్పు ఇచ్చే 5 మిల్లీవోల్టులలో అది దాదాపు పన్నెండవ వంతు. ఒకే కాలువమీద ఎగువన మోటారు పెట్టి తోడితే దిగువ మడిలో నీటిమట్టం ఊగినట్లు, సరఫరా కరెంటు, పాట కరెంటు ఒకే తీగను పంచుకొన్నచోట పాటలో రొద కలుస్తుంది.

కాబట్టి బ్రిడ్జి రుణకొన నేరుగా మొదటి కండెన్సరు రుణకొనకే చేరవలెను. అక్కడినుండి రెండవ కండెన్సరు, మూడవ కండెన్సరు, రెండవ వాల్వు, మొదటి వాల్వు, చివరకు ప్రవేశ సాకెట్టు, ఈ వరుసలోనే ఎర్తు తీగ సాగవలెను. ప్రవేశ సాకెట్ల అంచులు చాసిస్‌కు తగలకుండా వాషర్లు వేయవలెను. సర్క్యూట్ ఎర్తును చాసిస్‌తో ఒక్కచోట, ప్రవేశ సాకెట్ల దగ్గరనే కలపవలెను. రికార్డు ప్లేయరునుండి వచ్చే సన్నని ఎర్తు తీగను మరవకుండా చాసిస్‌కు బిగించవలెను. రొదతో విసిగిన ఎన్నో ఇండ్లలో ఈ ఒక్క తీగ వదులుగా ఉండడమే కారణమవుతుంది.

ఇక మూడవ పిన్ను సంగతి. ప్రీఆంప్లిఫయరుకు ఒక ఎర్తు, ప్రధాన ఆంప్లిఫయరుకు ఒక ఎర్తు ఉండి, రెండూ పాట తీగ ద్వారా కూడా కలిసినప్పుడు ఒక వలయం ఏర్పడి, అందులో 50 ఆవృత్తుల కరెంటు తిరుగుతుంది. ఎర్తు పిన్ను తీస్తే రొద తగ్గడానికి కారణం ఈ వలయం తెగడమే. కాని ట్రాన్స్‌ఫార్మరు లోపల తీగ పూత చెడి ఫేజు చాసిస్‌కు తగిలిననాడు, ఫ్యూజును కరిగించి మనిషిని కాపాడేది ఆ పిన్నే. అది లేనప్పుడు 230 వోల్టులు చాసిస్ మీదనే కాచుకొని ఉంటాయి.

సరియైన మార్గం వేరు. చాసిస్‌ను మూడవ పిన్నుకు గట్టిగా, శాశ్వతంగా బిగించవలెను. సర్క్యూట్ ఎర్తుకు, చాసిస్‌కు నడుమ మాత్రం నేరు తీగకు బదులు 10 ఓముల రెసిస్టరును, దానికి సమాంతరంగా ఎదురెదురు దిశలలో రెండు బలమైన డయోడ్లను పెట్టవలెను. వలయంలోని చిన్న కరెంటును రెసిస్టరు అడ్డుకొంటుంది. ప్రమాదం జరిగితే పెద్ద కరెంటును డయోడ్లు దాటించి ఫ్యూజును కరిగిస్తాయి. యంత్రాలన్నింటిని ఒకే ప్లగ్గు పెట్టెనుండి నడపడం కూడా మేలు చేస్తుంది. ఆంప్లిఫయరుకు టీవీ కూడా కలిపి ఉంటే, టీవీ వెనుకనుండి కేబుల్ తీగను తీసి చూడవలెను; వేరొకచోట ఎర్తు అయిన ఆ తీగ మరొక వలయాన్ని తెచ్చిపెడుతుంది.

అసలు గోడ సాకెట్టులోని ఎర్తు పనిచేస్తున్నదా అనే ప్రశ్న కూడా ఉన్నది. పాత ఇండ్లలో మూడవ రంధ్రం ఉండి, దాని వెనుక తీగ లేకపోవడం కద్దు. తీగ ఉన్నప్పటికీ, బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొట్టం చుట్టూ మట్టి వేసవిలో ఎండిపోతే ఎర్తు బలహీనపడుతుంది. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించి, గుంతలో అప్పుడప్పుడు నీరు పోయడం ఇంటిలోని ప్రతి ఇనుప వస్తువుకూ రక్ష.

ట్రాన్స్‌ఫార్మరు, పికప్పు, వాల్వు

ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ వ్యాపించే అయస్కాంత క్షేత్రాన్ని అల్యూమినియం పెట్టె ఆపలేదు. దానికి మందు దూరమే. దూరం రెట్టింపైతే ఆ క్షేత్రం ఇంచుమించు ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. కాబట్టి సరఫరా భాగాన్ని వేరే పెట్టెలో పెట్టి, మీటరు పొడవు తీగతో కలపడం అన్నింటికంటె మంచి పద్ధతి. అది వీలుకాకపోతే, బిగించక ముందే ట్రాన్స్‌ఫార్మరును అటూ ఇటూ తిప్పి, రొద అతి తక్కువగా వినిపించే దిశలో స్థిరపరచవలెను. ఇలా తిప్పేముందు ప్రతిసారి కరెంటు ఆపడం మరువరాదు.

పికప్పు చేతిని పళ్లెంమీదుగా మెల్లగా లోపలికి జరిపినప్పుడు రొద పెరుగుతూ పోతే, మోటారు క్షేత్రం పికప్పుకు తగులుతున్నదని తెలుసుకొనవలెను. అప్పుడు ప్రీఆంప్లిఫయరును ఎంత సరిదిద్దినా లాభం లేదు. మోటారు చుట్టూ ఇనుప కవచమో, మంచి రక్షణ గల పికప్పో అవసరమవుతుంది.

చివరిగా వాల్వును మార్చి చూడవలెను. హీటరుకు, కాథోడుకు నడుమ లీకేజి ఉన్న వాల్వు ఎంత మంచి అమరికలోనైనా మూలుగుతుంది. వాల్వుకు లోహపు తొడుగు వేసి ఎర్తు చేయడం, పెట్టె అడుగుకు లోహపు మూత బిగించడం మరవరాదు. మూత లేకుండా పరీక్షించి, రొద ఉన్నదని బాధపడేవారు ఎందరో ఉంటారు.

ఒక్కసారి ఒక్క మార్పు

ఒకేసారి నాలుగు మార్పులు చేసినవారికి దేనివలన మేలు జరిగినదో, దేనివలన కీడు జరిగినదో తెలియదు. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, చేసిన మార్పును, విన్న ఫలితాన్ని రాసుకొంటూ పోవడం ఉత్తమం. రొద పూర్తిగా సున్న కానవసరం లేదు. రికార్డు గాడికే తన సహజమైన సరసర ఉంటుంది. ముల్లు దించినప్పుడు రొద ఆ సరసరలో కలిసిపోయి వినరాకుండా పోతే పని ముగిసినట్లే.

అప్పుడు పద్యం చదివే నటుడు రాగం తీసి, ఊపిరి పీల్చి, తిరిగి అందుకొనే నడిమి నిశ్శబ్దం కూడా పిల్లలకు వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని సంపాదించడానికి ఎర్తు పిన్నును విరవనక్కరలేదు.